విండోసా... మ్యాకా... లినక్సా... ఒక్కరే ఎన్ని మోయాలి?

కంపెనీ లేదు, టీమ్ లేదు. రాసేది, అమ్మేది, ఫోనెత్తి సమాధానం చెప్పేది అంతా ఒక్కరే. సొంతంగా సాఫ్ట్‌వేర్ తయారు చేసుకునే అలాంటి డెవలపర్‌కి మొదటి కస్టమర్ కంటే ముందే ఎదురయ్యే ప్రశ్న... ఏ కంప్యూటర్లకి రాయాలి? అన్నిటికీ రాసేస్తే పోలా అనిపిస్తుంది. రాయడం వరకూ అది సాధ్యమే. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది.

లినక్స్‌ని పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్‌కి స్కూబా డైవింగ్ అంటే ఇష్టం. ఎంత లోతుకి దిగారు, ఎంతసేపు ఉన్నారు లాంటి వివరాలు రాసి పెట్టుకునే సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో సరైనది దొరక్కపోవడంతో 2011లో ఆయనే ఒకటి రాసుకున్నారు. పేరు సబ్‌సర్ఫేస్. డైవింగ్ చేసేవాళ్లకి అది నచ్చింది. విండోస్‌లో వాడేవాళ్లు, మ్యాక్‌లో వాడేవాళ్లు కూడా వచ్చి చేరారు.

మూడేళ్ల తర్వాత, 2014 ఆగస్టులో, అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జరిగిన డెబియన్ డెవలపర్ల సదస్సులో టోర్వాల్డ్స్ ఒక సంగతి దాచకుండా చెప్పారు. సబ్‌సర్ఫేస్‌ని డౌన్‌లోడ్ చేసుకుని నేరుగా నడుపుకునేలా విండోస్‌కీ మ్యాక్‌కీ ఇస్తున్నామనీ, లినక్స్‌కి మాత్రం అలా ఇవ్వడం లేదనీ, అక్కడ ఆ పని పెద్ద తలనొప్పనీ ఆయన మాటల సారాంశం. లినక్స్‌ని తయారు చేసినాయనకే తన చిన్న సాఫ్ట్‌వేర్‌ని లినక్స్ వాడేవాళ్ల ఇళ్లకి చేర్చడం కష్టమైంది!

కోడ్ రాయడం ఆయనకి చేతకాక కాదు. రాసిన ప్రోగ్రామ్‌ని ప్యాక్ చేసి, ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లలో సరిగ్గా నడిచేలా చూసి, ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడల్లా దాన్నీ మార్చుతూ ఉండాలి. ఇది రాయడం కంటే వేరే పని. ఒంటరి డెవలపర్ల జాతకాన్ని తేల్చేది ఎక్కువగా ఇదే.

శాతాలు చెప్పని సంగతి

ఏ వేదికకి రాయాలని అడిగితే ఎవరైనా ముందు మార్కెట్ వాటా చూడమంటారు. స్టాట్‌కౌంటర్ లెక్కల్లో ప్రపంచం మొత్తం మీద డెస్క్‌టాప్ కంప్యూటర్లలో సుమారు 70 శాతం విండోస్‌వే. మ్యాక్‌ది చాలా దూరంలో రెండో స్థానం. లినక్స్ 4 శాతం గీత దాటిందే 2024 ఫిబ్రవరిలో. ఈ అంకెలు చూస్తే విండోస్‌కి రాసి ఊరుకోవచ్చనిపిస్తుంది.

కానీ సాఫ్ట్‌వేర్‌ని ప్రపంచం మొత్తం కొనదు. ఓ పని చేసుకునే కొంతమంది కొంటారు. ఆ కొంతమంది ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నారన్నదే డెవలపర్‌కి కావాల్సిన అంకె.

విజయవాడలోనో వరంగల్‌లోనో ఫ్లెక్సీలు, పెళ్లి శుభలేఖలు చేసే షాపులోకి వెళ్లి చూడండి. తెరమీద కోరల్‌డ్రా, ఫొటోషాప్. తెలుగు టైపింగ్‌కి అనూ ఫాంట్లు. పాత డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్. దాని చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో! కోరల్‌డ్రా 2000లో లినక్స్‌కీ ఒక వెర్షన్ తెచ్చి కొనసాగించలేకపోయింది. మ్యాక్‌నీ మధ్యలో చాలా ఏళ్లు వదిలేసి 2019లో తిరిగొచ్చింది. అన్నాళ్లూ ఈ షాపులు విండోస్ మీదే స్థిరపడిపోయాయి. శుభలేఖల ఆర్డర్లు రాసుకునే సాఫ్ట్‌వేరో, అనూలో ఉన్న పాత మేటర్‌ని యూనికోడ్‌లోకి మార్చే పరికరమో చేసే డెవలపర్‌కి ఇక్కడ విండోస్ వాటా నూటికి నూరు. మ్యాక్ కోసం పెట్టే ప్రతి రూపాయీ వృథా.

ఇప్పుడు కేరళకి వెళ్దాం. అక్కడి ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ పాఠాలు నడిచేది లినక్స్ మీద. కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఉబుంటు లినక్స్ ఆధారంగా సొంత వెర్షన్ తయారు చేసి 2 లక్షలకి పైగా స్కూలు కంప్యూటర్లకి అందించింది. ఆ పిల్లల కోసం గణితం నేర్పే ప్రోగ్రామ్ రాసేవారికి ప్రపంచ లెక్కల్లోని 4 శాతంతో పనేముంది? వాళ్లు రాయాల్సింది ముందుగా లినక్స్‌కే.

బ్రిటన్‌లోని సెరిఫ్ సంస్థ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పేజ్‌ప్లస్, డ్రాప్లస్ లాంటివి అమ్ముకుంటూ చాలా ఏళ్లు విండోస్ మీదే బతికిన సంస్థ అది. అలాంటిది బొమ్మలు గీసే అఫినిటీ డిజైనర్‌ని కొత్తగా మొదలుపెట్టినప్పుడు 2014లో ముందు మ్యాక్‌కే విడుదల చేసింది. విండోస్ వెర్షన్ వచ్చింది 2016లో. అలవాటైన చోటు వదిలి, వృత్తిగా డిజైన్ చేసేవాళ్లు ఎక్కువగా ఉండే చోటికి ముందు వెళ్లింది. పెద్ద మార్కెట్ ఆ తర్వాత వచ్చింది.

విండోస్: పాతదేదీ పారేయదు

ఒంటరి డెవలపర్‌కి విండోస్ ఇచ్చే పెద్ద వరం ఓర్పు. తొంభైల చివర్లో రాసిన 32 బిట్ ప్రోగ్రామ్‌లు చాలావరకూ ఈనాటి విండోస్ 11లోనూ నడుస్తాయి. దీని వెనక మైక్రోసాఫ్ట్ పడ్డ శ్రమ గురించి ప్రోగ్రామర్ జోయెల్ స్పోల్‌స్కీ రాసిన ఓ ఉదంతం ప్రోగ్రామర్లలో బాగా ప్రచారంలో ఉంది. అప్పట్లో పేరున్న సిమ్‌సిటీ ఆటలో ఒక తప్పు ఉండేది. వాడేసి వదిలేసిన మెమరీని వెంటనే మళ్లీ చదివేది. పాత విండోస్‌లో అది బయటపడలేదు. విండోస్ 95లో మాత్రం ఆట కూలిపోయేది. మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు ఆట రాసినవాళ్లని తప్పు పట్టకుండా, సిమ్‌సిటీ నడుస్తోందని తెలిస్తే మెమరీ విషయంలో చూసీచూడనట్టు పోయేలా ఆపరేటింగ్ సిస్టమ్‌నే మార్చారు.

అందుకే ఒకసారి రాసి అమ్మకానికి పెట్టి, ఏడాదికోసారి చిన్న చిన్న మార్పులతో నెట్టుకురావాలంటే విండోస్ అంత తేలికైన చోటు లేదు. చిక్కల్లా దేంతో రాయాలన్నదే. ఎమ్‌ఎఫ్‌సీ అనే పనిముట్టు 1992లో వచ్చింది. 2002లో విన్‌ఫామ్స్, 2006లో డబ్ల్యూపీఎఫ్, విండోస్ 8తో 2012లో మరో దారి, 2015లో యూడబ్ల్యూపీ, 2021లో విన్‌యూఐ 3... వచ్చిన ప్రతిదాన్నీ మైక్రోసాఫ్ట్ ఇదే భవిష్యత్తన్నట్టు పరిచయం చేసింది. వాటి వెంట పరిగెత్తి ఒకే ప్రోగ్రామ్‌ని రెండు మూడుసార్లు తిరగరాసినవాళ్ల కంటే, విన్‌ఫామ్స్‌ని నమ్ముకుని కదలకుండా కూర్చున్నవాళ్లే బాగుపడ్డారని ఇప్పుడు అనిపిస్తుంది. 2019లో డాట్‌నెట్ కోర్ 3.0లోకి విన్‌ఫామ్స్‌నీ చేర్చుకోక మైక్రోసాఫ్ట్‌కి తప్పలేదు మరి.

రెండో ఇబ్బంది అపరిచితుణ్ణన్న ముద్ర. ఎవరో తెలియని డెవలపర్ ప్రోగ్రామ్ డౌన్‌లోడ్ చేస్తే విండోస్‌లోని స్మార్ట్‌స్క్రీన్ పెద్ద హెచ్చరిక చూపిస్తుంది. చాలామంది అక్కడే భయపడి వెనక్కి పోతారు. దాన్ని తప్పించుకోవడానికి కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ కొనాలి. ఏటా వందల డాలర్ల ఖర్చు. 2023 జూన్ నుంచి దాని రహస్య కీని మామూలు ఫైల్‌లో దాచుకోవడం కుదరదు. ప్రత్యేక హార్డ్‌వేర్‌లోనే ఉంచాలి. ఇంత చేసినా, కొత్త ప్రోగ్రామ్‌కి తగినన్ని డౌన్‌లోడ్‌లు వచ్చి పేరు కుదురుకునేదాకా హెచ్చరిక రావచ్చు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆపేసింది. మైక్రోసాఫ్ట్ ఆపినంత మాత్రాన షాపులో ఉన్న కంప్యూటర్ మారిపోదు. విండోస్ 11కి అవసరమైన టీపీఎమ్ 2.0 చిప్ లేని పాత యంత్రాలు ఇంకొన్నేళ్లు అలాగే పనిచేస్తాయి. వాటిలో నడవకపోతే ఫోన్ వచ్చేది డెవలపర్‌కే.

మ్యాక్: డబ్బుంది, తిరగరాత కూడా ఉంది

మ్యాక్ వాడేవాళ్లు సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టడానికి వెనకాడరన్నది చిన్న డెవలపర్లలో ఎప్పట్నుంచో ఉన్న నమ్మకం. కొన్ని చిన్న సంస్థలు మ్యాక్ ఒక్కదాన్నే నమ్ముకుని దశాబ్దాలు నడిచాయంటే అది ఒట్టి నమ్మకం కాదనే అనుకోవాలి. బీబీఎడిట్ అనే టెక్స్ట్ ఎడిటర్ 1992 నుంచి నేటిదాకా మ్యాక్‌కి తప్ప మరి దేనికీ లేదు.

ఆ బీబీఎడిట్ దాటొచ్చిన దారి చూస్తే యాపిల్ ఎంత చాకిరీ చేయిస్తుందో తెలుస్తుంది. 1994లో మోటరోలా 68కే చిప్‌ల నుంచి పవర్‌పీసీకి మారాల్సి వచ్చింది. 2001లో ఆపరేటింగ్ సిస్టమే మారి ఓఎస్ టెన్ అయింది. 2006లో పవర్‌పీసీ పోయి ఇంటెల్ వచ్చింది. 2019లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ కాటలీనా 32 బిట్ ప్రోగ్రామ్‌లని పూర్తిగా ఆపేసింది. 2020 నవంబర్‌లో యాపిల్ సొంత ఎం1 చిప్ దిగింది. ఇంటెల్ మ్యాక్‌లకి టాహోయే ఆఖరి వెర్షన్ అని 2025 జూన్‌లో ప్రకటించింది. ప్రతి మలుపులోనూ కొన్నాళ్లు గడువిస్తారు, పాతవి నడిచేలా రోసెట్టా లాంటి ఏర్పాటు చేస్తారు. గడువు దాటాక మాత్రం కనికరం ఉండదు. పదేళ్ల క్రితం వదిలేసిన విండోస్ ప్రోగ్రామ్ ఇవాళ నడిచే అవకాశం ఎక్కువ. అలా వదిలేసిన మ్యాక్ ప్రోగ్రామ్‌కి ఆ అదృష్టం ఉండకపోవచ్చు.

ఇక రుసుముల సంగతి. యాపిల్ డెవలపర్ ప్రోగ్రామ్‌కి ఏడాదికి 99 డాలర్లు. అది కట్టి, ప్రోగ్రామ్‌ని యాపిల్‌కి పంపి నోటరైజ్ చేయించకపోతే మ్యాక్ దాన్ని తెరవనివ్వదు. ఇదివరకు కంట్రోల్ నొక్కి పట్టుకుని క్లిక్ చేస్తే దారి దొరికేది. 2024లో వచ్చిన సెకోయా ఆ దారినీ మూసేసి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి అనుమతివ్వమంటోంది. యాప్ స్టోర్‌లో అమ్మితే 30 శాతం కోత. ఏడాది ఆదాయం 10 లక్షల డాలర్ల లోపు ఉన్నవాళ్లకి 2021 నుంచి దాన్ని 15 శాతానికి తగ్గించారు. స్టోర్ పెట్టే శాండ్‌బాక్స్ నిబంధనలు అన్ని పనులకీ సరిపడవు. బీబీఎడిట్ కూడా 2014లో స్టోర్ నుంచి బయటికొచ్చేసి, పరిస్థితులు మారాక 2019లో తిరిగి వెళ్లింది.

ఇవన్నీ కాక మ్యాక్‌ఓఎస్‌ని యాపిల్ యంత్రం మీద తప్ప నడపడానికి లైసెన్స్ ఒప్పుకోదు. అంటే మ్యాక్‌కి రాసి పరీక్షించుకోవాలంటే ఓ మ్యాక్ అందుబాటులో ఉండాల్సిందే.

లినక్స్: ఫీజు లేదు, చిరునామా ఒక్కటి కాదు

లినక్స్‌లో ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. అలాగే, ఇదీ లినక్స్ అని చూపించడానికి ఒక్క లినక్స్ లేదు. డెబియన్, ఉబుంటులది ఒక ప్యాకేజీ పద్ధతి, ఫెడోరా, రెడ్ హ్యాట్‌లది మరొకటి. కొత్త ఉబుంటులో కంపైల్ చేసిన ప్రోగ్రామ్ పాతదాంట్లో జీలిబ్‌సీ అనే లైబ్రరీ వెర్షన్ సరిపోక మొరాయిస్తుంది. టోర్వాల్డ్స్ విసుక్కుంది ఇలాంటి వాటికే. ఆ తర్వాత యాప్‌ఇమేజ్, స్నాప్, ఫ్లాట్‌పాక్ వాడకంలోకి వచ్చి ఈ బాధని చాలావరకు తగ్గించాయి. సబ్‌సర్ఫేస్ కూడా యాప్‌ఇమేజ్ రూపంలో లినక్స్ వాడేవాళ్లకి చేరింది.

ప్యాకేజీ గొడవ తీరుతున్న సమయానికి తెర గొడవ వచ్చింది. పాత ఎక్స్11 స్థానంలో వేలాండ్ వస్తోంది. భద్రత కోసం వేలాండ్ చాలా వాటిని కట్టడి చేసింది. ప్రోగ్రామ్ తన విండోని తెరమీద తనకి నచ్చిన చోట పెట్టుకోలేదు. వేరే ప్రోగ్రామ్ వాడుతున్నప్పుడు నొక్కిన షార్ట్‌కట్ కీని నేరుగా పసిగట్టలేదు. స్క్రీన్‌షాట్ కావాలన్నా వేరే దారిలో అడగాలి. లెక్కలు రాసుకునే ప్రోగ్రామ్‌కి ఇవేవీ పట్టవు. స్క్రీన్ రికార్డ్ చేసేదానికో, టైపింగ్‌కి సాయపడేదానికో మాత్రం సగం పని మళ్లీ మొదటికొస్తుంది.

లినక్స్‌కి ఇవ్వడం లాభమా నష్టమా అనే వాదనలో ఎదురుబొదురుగా నిలబడే లెక్కలు రెండున్నాయి. రెండూ వీడియో గేమ్‌ల నుంచే. ప్లానెటరీ యానిహిలేషన్ ఆట మీద పనిచేసిన ఒక డెవలపర్ చెప్పిన లెక్కలో, లినక్స్ అమ్మకాలు 0.1 శాతం లోపు. క్రాష్ రిపోర్టుల్లో, సపోర్టు విన్నపాల్లో మాత్రం లినక్స్ వాటా 20 శాతం పైనే. ఎక్కువ భాగం గ్రాఫిక్స్ డ్రైవర్ల గొడవే. ఇక 2021లో డెల్టా-వీ: రింగ్స్ ఆఫ్ శాటర్న్ అనే ఆట రూపొందించిన ఒంటరి డెవలపర్ తన లెక్కలు బయటపెట్టారు. అమ్మకాల్లో లినక్స్ 5.8 శాతం, బగ్ రిపోర్టుల్లో 38 శాతం. ఇది చూస్తే మొదటి కథే మళ్లీ అనిపిస్తుంది. కానీ లినక్స్ వాళ్లు పంపిన దాదాపు 400 రిపోర్టుల్లో లినక్స్‌కే పరిమితమైన తప్పులు మూడే మూడు! మిగతావన్నీ విండోస్‌లోనూ ఉన్నవే. విండోస్ వాళ్లలో చాలామంది చెప్పకుండా ఊరుకున్నారు. లినక్స్ వాళ్లు ఎక్కడ, ఎలా, ఏం చేస్తే వస్తోందో వివరంగా రాసి పంపారు.

రెండూ నిజమే కావచ్చు. గ్రాఫిక్స్ కార్డుతో నేరుగా మాట్లాడే ప్రోగ్రామ్‌కి లినక్స్ తలనొప్పి తెస్తుంది. మామూలు ప్రోగ్రామ్‌కి అదే లినక్స్ జీతం అడగని పరీక్షకుల్ని తెచ్చిపెడుతుంది. ఆటలు రాసేవాళ్లకి మరో దారి కూడా దొరికింది. వాల్వ్ సంస్థ 2018లో తెచ్చిన ప్రోటాన్ విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడుపుతుంది. 2022లో వచ్చిన ఆ సంస్థ చేతి గేమింగ్ యంత్రం స్టీమ్ డెక్ ప్రోటాన్ మీదే బతుకుతోంది. అందుకే లినక్స్‌కి వేరే వెర్షన్ ఇవ్వకుండా, ప్రోటాన్‌లో సరిగ్గా నడుస్తోందో లేదో చూసి ఊరుకునే డెవలపర్లున్నారు.

ఒకసారి రాసి అంతటా నడిపితే?

ఈ ఆశకి ముప్పై ఏళ్లు. ఒకసారి రాస్తే ఎక్కడైనా నడుస్తుందంటూ సన్ సంస్థ జావాని తెచ్చింది 1995లో. నార్వే నుంచి క్యూట్ టూల్‌కిట్ మొదటి వెర్షన్ వచ్చిందీ అదే ఏడాది. సబ్‌సర్ఫేస్ కూడా మొదట్లో వాడిన జీటీకేని వదిలి 2013లో క్యూట్‌కి మారింది. 2013లోనే గిట్‌హబ్ తన ఆటమ్ ఎడిటర్ కోసం మొదలుపెట్టిన పనిముట్టు తర్వాత ఎలక్ట్రాన్ అయింది. వెబ్ పేజీలు రాయడం వస్తే చాలు, మూడు వేదికలకీ డెస్క్‌టాప్ యాప్ చేసేయొచ్చు. వీఎస్ కోడ్, స్లాక్, అబ్సిడియన్ అన్నీ దాని మీదే ఉన్నాయి. ప్రతి యాప్ తనతో పాటు ఓ క్రోమియం బ్రౌజర్‌ని మోసుకొస్తుంది. చిన్న నోట్స్ యాప్ కూడా వంద ఎంబీ దాటిపోయేది అందుకే. 2022లో 1.0 విడుదలైన టౌరి ఆ బరువు దించుకోవడానికి కంప్యూటర్‌లో ఉన్న వెబ్ ఇంజిన్‌నే వాడుకుంటుంది. అప్పుడు మూడు వేదికల్లో మూడు ఇంజిన్లతో వేగాలి.

వీటితో కోడ్ ఒక్కటవుతుంది. సైనింగ్, నోటరైజేషన్, ప్యాకేజీలు, అప్‌డేట్‌లు మాత్రం మూడుగానే ఉంటాయి. పైగా విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఇంటెల్ రకం చిప్‌లు, ఆర్మ్ చిప్‌లు రెండూ ఉన్నాయి కాబట్టి తయారు చేయాల్సిన ఇన్‌స్టాలర్లు ఇంకా పెరుగుతాయి. మ్యాక్ మెనూ తెర పైఅంచున ఉండాలి, షార్ట్‌కట్‌కి కంట్రోల్ బదులు కమాండ్ కీ రావాలి. లోగో ఫైల్ పేరు కోడ్‌లో పెద్ద అక్షరంతో, డిస్క్‌లో చిన్న అక్షరంతో ఉంటే విండోస్, మ్యాక్ సాధారణంగా సర్దుకుపోతాయి. లినక్స్ మాత్రం ఫైలే లేదంటుంది.

సబ్లైమ్ టెక్స్ట్ నడిచిన దారి ఇక్కడ గమనించదగ్గది. గూగుల్‌లో ఇంజినీరుగా పనిచేసి బయటికొచ్చిన జాన్ స్కినర్ 2008లో దాన్ని విండోస్‌కి మాత్రమే విడుదల చేశారు. అది నిలదొక్కుకున్నాక, మూడు వేదికల్లోనూ ఒకేలా కనిపించే సొంత ఇంటర్‌ఫేస్‌తో రెండో వెర్షన్‌ని తీర్చిదిద్ది 2012లో పూర్తి స్థాయిలో విడుదల చేశారు. ఒక్క లైసెన్స్ కొంటే మూడింటిలోనూ వాడుకోవచ్చు. ఇంట గెలిచాకే రచ్చకి దిగారు. ఆ వరస ఆయన్ని కాపాడింది.

బాక్స్: తెలుగు అక్షరం పెట్టే పరీక్ష

తెలుగు చూపించే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి వేదిక పెరిగితే వచ్చే పని ఇంకాస్త ఎక్కువ. గుణింతాల్నీ వత్తుల్నీ కూర్చి తెరమీద పెట్టే బాధ్యత విండోస్‌లో డైరెక్ట్‌రైట్‌ది, మ్యాక్‌లో కోర్ టెక్స్ట్‌ది, లినక్స్‌లో హార్ఫ్‌బజ్‌ది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం మధ్యలో కంటికి కనపడని ఓ యూనికోడ్ సంకేతం చేరితే చాలు, ఐఫోన్లలో, మ్యాక్‌లలో దాన్ని చూపించబోయిన యాప్‌లు కూలిపోయాయి. యాపిల్ వెంటనే అప్‌డేట్ విడుదల చేసి సరిచేసింది. అదే అక్షరం విండోస్‌లో ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు.

ఫైళ్ల పేర్లతో మరో తంటా. మ్యాక్ పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ వ్యవస్థ అక్షరాల్ని విడగొట్టి దాచేది. ‘చైత్రం’ అని పేరు పెడితే అందులోని ఐత్వం రెండు ముక్కలుగా మారి డిస్క్‌లోకి వెళ్లేది. కంటికి తేడా ఉండదు. విండోస్‌లో రాసిన ‘చైత్రం’తో పోలిస్తే మాత్రం ప్రోగ్రామ్‌కి అవి రెండు వేర్వేరు పేర్లు. 2017లో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్‌తో ఈ ఇబ్బంది తగ్గింది. అయినా పాత డిస్క్‌ల నుంచి వచ్చే ఫైళ్లున్నంత కాలం, పేర్లని ఒకే రూపంలోకి మార్చి పోల్చడం మంచి అలవాటు.

ఎలక్ట్రాన్ యాప్ క్రోమియంతో పాటు హార్ఫ్‌బజ్‌నీ వెంట తెచ్చుకుంటుంది కాబట్టి తెలుగు కూర్పు మూడుచోట్లా ఒకేలా వస్తుంది. దాని బరువుకి తెలుగువాళ్లకి దక్కే ప్రతిఫలం ఇది. ఫాంట్ మాత్రం మనమే జతచేయాలి. విండోస్‌లో నిర్మలా యూఐ, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు ఉంటాయి. లినక్స్‌లో తెలుగు ఫాంట్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మండలి, రామభద్ర లాంటి స్వేచ్ఛా లైసెన్స్ ఫాంట్లు ఉన్నాయి గనుక వాటిలో ఒకటి ప్యాకేజీలో పెట్టేస్తే డబ్బాలు కనిపించే బాధ తప్పుతుంది.

ముందు లెక్క, తర్వాతే కోడ్

అసలు డెస్క్‌టాప్ అవసరమా అన్నది తొలి ప్రశ్న. తెలుగు టైప్ చేసుకునే లేఖిని బ్రౌజర్‌లో నడుస్తుంది కాబట్టే ఏ కంప్యూటర్ ఉన్నవాళ్లయినా వాడుకోగలిగారు. ఇంటర్నెట్ లేని చోట పనిచేయాలన్నా, ప్రింటర్లూ కాటాలూ స్కానర్లతో మాట్లాడాలన్నా, పెద్ద పెద్ద ఫైళ్లు తెరవాలన్నా డెస్క్‌టాప్‌కి దిగాలి. లేదంటే ఈ బరువంతా నెత్తికెత్తుకోనక్కర్లేదు.

దిగాలని తేలాక, కొనేవాళ్లు ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నారో వెళ్లి చూడాలి. వాళ్లలో పది మందితో మాట్లాడితే మార్కెట్ రిపోర్టుల కంటే ఎక్కువ తెలుస్తుంది. తర్వాత, డెవలపర్ రోజూ తాను వాడే కంప్యూటర్ ఏదో చూసుకోవాలి. రోజూ వాడే వేదికలో తప్పులు కస్టమర్ కంటే ముందు మనకే కనిపిస్తాయి. వాడని వేదికలో ప్రతి తప్పూ ఫిర్యాదుగానే మొదటిసారి ఎదురవుతుంది. ఈ రెండు జవాబులూ ఒకటైతే అదృష్టం. వేరైతే కస్టమర్ వైపే మొగ్గి, ఆ కంప్యూటర్‌కి అలవాటు పడాలి.

ఇక రెండో వేదిక. కాగితం మీద ఓ చిన్న లెక్క వేద్దాం. 2,000 రూపాయల ధర పెట్టిన సాఫ్ట్‌వేర్‌కి మ్యాక్ వెర్షన్ తేవాలనుకుందాం. 2024 నవంబర్‌లో మన దేశంలో ఎం4 మ్యాక్ మినీ ప్రారంభ ధర 59,900 రూపాయలు. యాపిల్‌కి కట్టే 99 డాలర్లు సుమారు 9 వేలనుకుంటే మొదటి ఏడాది ఖర్చు దాదాపు 69 వేలు. స్టోర్ 15 శాతం పట్టుకున్నాక కాపీకి చేతికొచ్చేది 1,700. పన్నులు పక్కన పెట్టినా 41 కాపీలు అమ్మితే గానీ పెట్టుబడి తిరిగిరాదు. ఇందులో డెవలపర్ శ్రమకి పైసా లెక్క కట్టలేదు. నెలకి మూడు రోజులు మ్యాక్ గొడవలకే పోతే ఏడాదికి 36 రోజులు. ఆ రోజుల్లో ఉన్న కస్టమర్లకి ఏం చేసిపెట్టగలిగేవారో అదీ ఖర్చులోకే వస్తుంది.

ఒక్క వేదికకే రాస్తున్నా మిగతావాటికి తలుపులు మూసేయనక్కర్లేదు. లెక్కలు చేసే కోడ్‌ని, తెరమీద చూపించే కోడ్‌ని విడివిడిగా ఉంచుకోవాలి. అక్షరాలు యూటీఎఫ్-8లో దాచాలి. డేటాకి ఎక్కడైనా తెరుచుకునే ఫార్మాట్ ఎంచుకోవాలి. ఎస్‌క్యూలైట్ ఫైల్ మూడు వేదికల్లోనూ యథాతథంగా తెరుచుకుంటుంది. 2050 దాకా దానికి సపోర్టు ఇస్తామని దాన్ని తయారు చేసినవాళ్లే చెబుతున్నారు. ఇవి పాటిస్తే రేపు మ్యాక్‌కి వెళ్లాల్సి వచ్చినా సగం దారి ఇవాళే నడిచినట్టు.

ఆపడం కూడా పనే

వేదికని చేర్చేటప్పుడు ఎవరూ ఆలోచించనిది ఆపాల్సి వస్తే ఎలా అన్నది. పేరున్న రాకెట్ లీగ్ ఆట 2020 మార్చిలో మ్యాక్, లినక్స్‌లని వదిలేసింది. రెండూ కలిపినా ఆడేవాళ్లలో 0.3 శాతం లోపేనని సైయోనిక్స్ సంస్థ చెప్పింది. శాతంగా చూస్తే చిన్నదే. కానీ డబ్బిచ్చి కొన్నవాళ్లు వాళ్లు. డబ్బు వెనక్కిచ్చే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. పెద్ద సంస్థ కాబట్టి ఇవ్వగలిగింది. ఒంటరి డెవలపర్ ఆ పని చేయాలంటే ఎప్పుడో ఖర్చయిపోయిన డబ్బుని వెతుక్కోవాలి.

అందుకే ఇచ్చే మాట చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి. ‘లినక్స్‌లో నడుస్తుంది’ అనడం కంటే, ‘ఉబుంటు తాజా ఎల్‌టీఎస్ వెర్షన్‌లో పరీక్షించాం, మిగతావాటిలో నడిస్తే సంతోషం’ అనడం నిజాయతీ. విండోస్ 10కి ఎప్పటిదాకా సపోర్టు ఇస్తారో తేదీ వేసి చెప్పడం మంచిది. ఇవ్వలేని దానికి ముందే లేదని చెబితే ఎవరూ తప్పు పట్టరు. బీబీఎడిట్‌ని విండోస్‌కి ఎందుకివ్వలేదని అలిగి మ్యాక్ వాడేవాళ్లు దాన్ని మానేయలేదు.

రెండో వేదిక మీద మనసు పోయినప్పుడు గడిచిన ఏడాది వచ్చిన మెయిళ్లన్నీ ఓసారి తిరగేయాలి. ‘మ్యాక్‌కి లేదా?’ అని అడిగినవాళ్లెందరు, ఉన్నదాంట్లో తప్పు చెప్పి ఇంకా జవాబు కోసం చూస్తున్నవాళ్లెందరు అని లెక్కపెట్టాలి. రెండో అంకె పెద్దదైతే, మ్యాక్ మినీకి దాచిన డబ్బు ఇంకో ఏడాది బ్యాంకులో ఉన్నా కొంప మునగదు.